నెత్తురు గడ్డకట్టేది మంచికా, చెడ్డకా?



భోజనాలు అయి, వంటిల్లు సర్దుకొని, కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఈ వేళప్పుడు నెత్తురు గూర్చీ, గుండె గూర్చీ మాట్లాడుతోందేమిటీ అని విసుక్కోకండి. మా పిన్నిగారు వేసిన ఒక ప్రశ్నకి జవాబు వెతుక్కొంటూ పోతే నాకు దొరికిన కథ ఇది. ఆ ప్రశ్న మీ ఇంట్లో కూడా ఏనాడో ఒకనాడు ఎవరో ఒకరు అడిగే వుంటారు.

మేముండేది గాజువాకలో. ఆటోనగర్ మాకు కూతవేటు దూరం. లారీలకు బాడీలు కట్టే షెడ్లు, ఇంజన్లు విప్పి బాగుచేసే షాపులు, లేతు మిషన్లు, వెల్డింగు మెరుపులు, రేకుల మీద సుత్తి చప్పుళ్లు – విశాఖ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మా వెనకవాటాలో వుండే బాబాయిగారికి అక్కడ ఒక లేతు షాపు వుంది. కొన్నేళ్ల క్రితం ఒకనాడు లేతు మీంచి ఊడిపడే ఇనుప చుట్టని చేత్తో లాగబోయి, ఆయన చూపుడు వేలు లోతుగా కోసుకొన్నారు. షాపులో కుర్రాళ్లు శుభ్రమైన గుడ్డతో వేలు గట్టిగా అదిమిపట్టి ఇంటికి తీసుకొచ్చారు. పది నిమిషాల్లో కారేది కాస్తా ఆగిపోయింది. తర్వాత డాక్టరుగారు కడిగి కుట్లు వేశారు. "మంచి నెత్తురమ్మా, గబుక్కున గడ్డకట్టింది" అని పిన్నిగారు పలకరించడానికి వచ్చిన వాళ్లందరితో చెప్పుకొని మురిసిపోయారు.

ఆ తర్వాత నాలుగేళ్లకి, ఒక తెల్లవారుజామున బాబాయిగారికి గుండెల మీద బండ పెట్టినట్టు బరువనిపించింది. ఒళ్లంతా చెమట. రాత్రి తిన్న బజ్జీలు అరగలేదేమో, గ్యాసు అనుకొన్నారు ఇద్దరూ. పిన్నిగారు వాము నీళ్లు కాచి ఇచ్చారు. కాసేపటికి సోడా తెప్పించారు. తెల్లగా తెల్లవారనీ, అప్పుడు చూద్దాం అనుకొన్నారు. ఆస్పత్రికి చేరేసరికి ఎనిమిది దాటింది. గుండెకి నెత్తురిచ్చే ధమనిలో గడ్డ అడ్డుపడిందని చెప్పి డాక్టర్లు దాన్ని తెరిచారు. ప్రాణం దక్కింది. కాని గుండె కండరంలో కొంత భాగం అప్పటికే చచ్చిపోయింది. ఇప్పుడు మేడమెట్లు సగం ఎక్కేసరికి ఆయనకి ఆయాసం. షాపు కొడుకు చూసుకొంటున్నాడు.

ఒకరోజు బియ్యం ఏరుతూ పిన్నిగారు నన్ను అడిగారు: "ఆనాడు వేలు తెగితే గడ్డకట్టి కాపాడింది ఆ నెత్తురే గదమ్మా! మరి ఆ నెత్తురే గుండెలో గడ్డకట్టి ఇంత పని ఎందుకు చేసిందీ?"

చదువుకొన్నదాన్నే, అయినా నాకు జవాబు తోచలేదు. పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు కూడా సుమారు నూరేళ్లపాటు ఈ ప్రశ్న చుట్టూనే తిరిగారని తర్వాత తెలిసింది.

ముందు ఈ గడ్డకట్టించేవి ఏవో చూద్దాం. డెంగ్యూ జ్వరాల పుణ్యమా అని 'ప్లేట్‌లెట్లు' అన్నమాట ఇవాళ తెలియని ఇల్లు లేదు. రక్తంలో ఎర్రకణాలు, తెల్లకణాలు కాక వుండే మూడో రకం అవి. ఒక ఘనపు మిల్లీమీటరు నెత్తురులో, అంటే ఆవగింజ కన్నా చిన్న బొట్టులో, లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా వుంటాయి. ఎముకల మూలుగలో వుండే పెద్ద కణాల నుంచి చిన్న చిన్న తునకలుగా విడిపడి నెత్తురులోకి వస్తాయి. వాటి ఆయుర్దాయం వారం నుంచి పది రోజులు. 1882లో ఇటలీ దేశంలోని ట్యూరిన్ నగరంలో గియూలియో బిజోజెరో అనే వైద్యుడు, బతికున్న జంతువుల సన్నని రక్తనాళాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. నాళం గోడకి ఎక్కడ దెబ్బ తగిలితే అక్కడికి ఈ తునకలే అన్నిటికన్నా ముందు వచ్చి అంటుకోవడం కనిపించింది. చిన్న పళ్లేల్లా వున్నాయని వాటికి తన భాషలో ఆ అర్థం వచ్చే పేరే పెట్టాడు.

ఇవి కన్నానికి బిరడాలాగా అడ్డంపడి వూరుకొంటాయని చాలాకాలం అనుకొన్నారు. కాని వేలు తెగినప్పుడు ఇంకో సంగతి కూడా జరుగుతుంది. తెగిన రక్తనాళం తనంతట తాను ముడుచుకొంటుంది. నీళ్లు పోయే రబ్బరు గొట్టాన్ని మనం వేళ్లతో నొక్కిపెడితే ధార సన్నగిల్లదూ? అట్లాగన్నమాట. నాళం గోడలో వుండే కండరం బిగుసుకొని దారి ఇరుకు చేస్తుంది. ధార తగ్గుతుంది. ఆ సందు చూసుకొని ప్లేట్‌లెట్లు గుంపుకడతాయి. మరి ఆ గోడని అంతసేపు బిగించి వుంచేదేమిటి?

దీనికి జవాబు వెతకడంలో మన ఆడవాళ్ల చెయ్యి కూడా వుంది. అంచేత ఈ భాగం కొంచెం నిదానంగా చెబుతాను.

నెత్తురు గడ్డకట్టాక పైన తేలే పసుపుపచ్చని నీటిని సీరం అంటారు. ఈ సీరం తగిలితే రక్తనాళాలు ముడుచుకొంటాయి. గడ్డకట్టకుండా జాగ్రత్తచేసిన నెత్తురులోంచి తీసిన నీటికి మటుకు ఆ గుణం అంతగా లేదు. అంటే గడ్డకట్టేటప్పుడే ఏదో పదార్థం బయటికి వస్తోందన్నమాట. 1940 దశకంలో అమెరికాలో క్లీవ్‌లాండు క్లినిక్కులో ఇర్విన్ పేజ్ అనే డాక్టరు రక్తపోటు ఎందుకు వస్తుందో పరిశోధిస్తున్నాడు. ఆయన ప్రతి ప్రయోగానికీ ఈ సీరంలోని పదార్థం అడ్డొచ్చేది. దీని సంగతేమిటో ముందు తేల్చాలని ఆయన నిశ్చయించుకొన్నాడు. ఆ పనికి మారిస్ రాపోర్టు అనే యువకుణ్ణీ, ఆర్డా గ్రీన్ అనే ఆవిడనీ పెట్టుకొన్నాడు.

ఆర్డా గ్రీన్ వైద్యం చదివి, జీవరసాయన శాస్త్రంలో స్థిరపడిన విదుషి. కలగాపులగంగా వున్న దానిలోంచి ఒక్క పదార్థాన్ని విడదీసి స్ఫటికాలుగా తీయడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. పాలు కాచి, తోడుపెట్టి, చిలికి వెన్న తీసే మనకి ఆ ఓపిక ఎలాంటిదో తెలుస్తుంది. కసాయిశాలల నుంచి వందల లీటర్ల పశువుల సీరం తెచ్చి, వడగట్టి, ఇగిర్చి, చిట్టచివరికి కాసిని పలుకులు సంపాదించారు. 1948లో ముగ్గురి పేర్ల మీదా ఆ సంగతి ప్రకటించారు. సీరంలోంచి వచ్చింది, నాళాల బిగువు పెంచుతుంది గనక దానికి సెరటోనిన్ అని పేరుపెట్టారు. మరుసటి ఏడు రాపోర్టు దాని రసాయన నిర్మాణం తేల్చాడు. 1953లో అదే పేజ్‌గారి దగ్గర బెట్టీ ట్వారోగ్ అనే ఇంకొక ఆవిడ, ఈ సెరటోనిన్ మెదడులో కూడా వుందని కనిపెట్టింది. ఇవాళ మనసు దిగులు మందుల విషయంలో డాక్టర్లు చెప్పే సెరటోనిన్ ఇదే.

సీరంలోకి ఇది ఎక్కణ్ణుంచి వస్తోంది? ప్లేట్‌లెట్ల నుంచే అని 1951లో ఆస్ట్రేలియాలో రాండ్, రీడ్ అనే ఇద్దరు చూపించారు. ప్లేట్‌లెట్లు దీన్ని సొంతంగా తయారు చేసుకోలేవు. మన పేగులలో తయారై నెత్తురులోకి వచ్చిన దాన్ని పోగుచేసుకొని, తమ లోపలి చిన్న చిన్న సంచుల్లో దాచుకొంటాయి. మనం పోపులపెట్టెలో ఆవాలూ మెంతులూ వేరువేరు గిన్నెల్లో పోసి వుంచుకోమూ? అట్లా. దెబ్బ తగిలిన చోటు తగలగానే ఆ సంచులు గుమ్మరించేస్తాయి.

ఆ పోపులపెట్టెలో వుండే మరో సరుకుకి మన తెలుగువాడి పేరుతో సంబంధం వుంది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి గూర్చి మీరు వినే వుంటారు. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఫిస్క్ అనే ఆచార్యుడితో కలిసి 1929లో ఆయన ఏటీపీ అనే పదార్థాన్ని కనిపెట్టారు. అదే ఏడు జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా విడిగా కనుగొన్నాడు. మన ఒంట్లో ప్రతి కణానికీ ఖర్చుకి అందే చిల్లర డబ్బులాంటిది ఈ ఏటీపీ. దానిలోంచి ఒక భాస్వరం ముక్క విడిపోతే ఏడీపీ అవుతుంది. ప్లేట్‌లెట్లు తమ సంచుల్లో సెరటోనిన్ పక్కనే ఏటీపీనీ, ఏడీపీనీ కూడా దాస్తాయి. 1961లో నార్వే దేశపు శాస్త్రజ్ఞులు ఈ ఏడీపీ ప్లేట్‌లెట్లని ఒకదానికొకటి అంటుకొనేలా చేస్తుందని తేల్చారు. "ఇక్కడ గండిపడింది, అందరూ రండి" అని వేసే కేక లాంటిదన్నమాట. గుండెకి స్టెంటు వేయించుకొన్న వారికి రాసే క్లోపిడోగ్రెల్ అనే మాత్ర ఈ కేక వినపడకుండా ప్లేట్‌లెట్ల చెవులు మూస్తుంది.

సుబ్బారావుగారు ప్లేట్‌లెట్ల మీద పనిచేయలేదు. ఆయన వేసిన పునాది ఇంత దూరం వచ్చింది. చదువుకోసమని భార్య శేషగిరిగారిని ఇక్కడ వుంచి వెళ్లిన ఆయన మళ్లీ స్వదేశం చూడకుండానే 1948లో న్యూయార్కులో కన్నుమూశారు. సెరటోనిన్ బయటపడ్డ సంవత్సరం అదే. ఇంకో చిత్రం వినండి. ఆర్డా గ్రీన్ తర్వాతి రోజుల్లో మిణుగురు పురుగులకి వెలుగునిచ్చే పదార్థాన్ని స్ఫటికాలుగా తీసింది. ఆ వెలుగు వెలగాలంటే ఏటీపీ కావాలి. ఇవాళ కొన్ని పరీక్షశాలల్లో ప్లేట్‌లెట్లు తమ సంచులు గుమ్మరించాయో లేదో ఆ మిణుగురు వెలుగు ఎంత వచ్చిందో చూసే తేలుస్తారు.

అయితే అసలు గట్టి పిండం ఇంకా బయటపడలేదు.

1969లో లండనులో ప్రిసిల్లా పైపర్ అనే ఆవిడా, జాన్ వేన్ అనే ఆయనా కలిసి ఒక ప్రయోగం చేశారు. గినీపంది ఊపిరితిత్తుల నుంచి వచ్చే ద్రవాన్ని కుందేలు ధమని ముక్క మీద ధారగా పోస్తే ఆ ముక్క చటుక్కున బిగుసుకొంది. ఆ పదార్థం ఏమిటో తెలియదు. పట్టుకొందామంటే నిమిషాల్లో మాయమయ్యేది. పేరు పెట్టడానికి కూడా వీలుగాక "కుందేలు ధమనిని ముడిచే పదార్థం" అనే పిలిచారు. కాని ఒక విచిత్రం వారి కంటబడింది. ముందుగా ఆస్పిరిన్ ఇస్తే ఆ పదార్థం అసలు పుట్టనే లేదు!

1897లో జర్మనీలో బేయర్ కంపెనీలో తయారై, తలనొప్పికీ జ్వరానికీ లోకమంతా డెబ్భై ఏళ్లుగా మింగుతున్న ఆస్పిరిన్ ఒంట్లో ఏం చేస్తుందో 1971లో వేన్ వివరించాడు. ఒంట్లోని కొవ్వు పదార్థం నుంచి ప్రోస్టాగ్లాండిన్లు అనేవి తయారవుతాయి. ఆస్పిరిన్ ఆ తయారీని ఆపుతుంది. 1975లో స్వీడను దేశంలో సామ్యూల్‌సన్, హాంబర్గ్, స్వెన్‌సన్ అనే ముగ్గురూ ఆ మాయమయ్యే పదార్థం గుట్టు విప్పారు. ప్లేట్‌లెట్లు దెబ్బతిన్న గోడకి అంటుకోగానే తమ పైపొరలోని కొవ్వు నుంచి అప్పటికప్పుడు దాన్ని తయారుచేస్తాయి. దాని పేరు థ్రాంబాక్సేన్. మన ఒంటి వేడిలో ముప్పై సెకన్లలో సగం విరిగిపోతుంది. ఆ కాస్త వ్యవధిలోనే రెండు పనులు చేస్తుంది. తతిమ్మా ప్లేట్‌లెట్లని పిలిచి గుంపుకట్టిస్తుంది. ధమని గోడని గట్టిగా బిగిస్తుంది. సెరటోనిన్ దాచిపెట్టుకొన్న సరుకైతే, థ్రాంబాక్సేన్ అప్పటికప్పుడు వేసే వేడి వేడి పోపు. రెండూ కలిస్తే నాళం ముడుచుకొంటుంది.

చూశారా, మొదటి సగానికి జవాబు దొరికింది. బాబాయిగారి వేలు దక్కింది ఈ ముడుచుకోవడం వల్లనే. ఇక రెండో సగం. ఒంట్లో ఎప్పుడూ ఇన్ని ప్లేట్‌లెట్లు తిరుగుతుంటే, దెబ్బ లేనిచోట మన ధమనులు ఎందుకు ముడుచుకుపోవడం లేదు?

1976లో వేన్‌గారి పరిశోధనశాలలోనే సాల్వడార్ మొంకాడా మొదలైనవారు దీనికి ఒక జవాబు కనిపెట్టారు. రక్తనాళాల గోడలు కూడా ఒక పదార్థాన్ని తయారు చేస్తాయి. అది థ్రాంబాక్సేనుకి సరిగ్గా ఎదురు. నాళాన్ని వదులు చేస్తుంది, ప్లేట్‌లెట్లని గుంపుకట్టనివ్వదు. దాని పేరు ప్రోస్టాసైక్లిన్. తక్కెడలో ఒకవైపు ప్లేట్‌లెట్లు, ఒకవైపు నాళం గోడ. 1982లో బెర్గ్‌స్ట్రామ్, సామ్యూల్‌సన్, వేన్ ముగ్గురికీ ఈ పరిశోధనలకి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంకో జవాబు పొరపాటున దొరికింది. అమెరికాలో బ్రూక్లిన్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ అనే ఆచార్యుడు కుందేలు ధమని ముక్కల మీద ప్రయోగాలు చేసేవాడు. ఒక మందు వేస్తే ముక్క ఒకసారి బిగుసుకొనేది, ఒకసారి వదులయ్యేది. ఎందుకిలా అని తల బద్దలు కొట్టుకొంటే, తేడా ముక్కలు కోసేటప్పుడు వస్తోందని తేలింది. ధమని లోపలి పొర పొరపాటున చేతికి రాసుకొని ఊడిపోయిన ముక్కలు బిగుసుకొంటున్నాయి. పొర చెక్కుచెదరకుండా వున్నవి వదులవుతున్నాయి. 1980లో ఈ సంగతి ప్రకటించాడు. ఆ లోపలి పొర నుంచి వెలువడే నైట్రిక్ ఆక్సైడు అనే వాయువే నాళాన్ని వదులు చేస్తోందని ఆ తర్వాత తేలింది. 1998లో ఆయనకీ, మరి ఇద్దరికీ నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇది మనుషుల గుండెలోనూ నిజమేనా? 1991లో వైద్యులు కొందరు రోగుల గుండె ధమనుల్లోకి సన్నని గొట్టం ద్వారా సెరటోనిన్ పంపి చూశారు. ఆరోగ్యంగా వున్న ధమనులు తగు మోతాదులో సెరటోనిన్ తగిలితే వెడల్పయ్యాయి. కొవ్వు పేరుకొని లోపలి పొర పాడైన ధమనులకి అదే సెరటోనిన్ తగిలితే ముడుచుకొన్నాయి. పదార్థం ఒకటే. పొర బాగుంటే దారి ఇస్తుంది, పొర పాడైతే దారి మూస్తుంది.

ఈ మాట చెబితే బాబాయిగారు వెంటనే గ్రహించారు. "లైనరు పోతే ఇంజను పోయినట్టే గదమ్మా" అన్నారు. ఆటోనగర్‌లో ఇంజను విప్పిన మేస్త్రీ ముందు చూసేది సిలిండరు లోపల వుండే లైనరునే. దాని మీద గీతలు పడితే పిస్టను ఎంత మంచిదైనా లాభంలేదు. మన జాకెట్టుకి లైనింగులాగా, ఇంజనుకి లైనరులాగా, మన రక్తనాళాలన్నిటికీ లోపల ఒక పల్చని పొర వుంది. దాని మందం ఒకే ఒక్క కణం. పొగతాగడం, అదుపులో లేని రక్తపోటు, చక్కెరజబ్బు, నెత్తురులో చెడ్డ కొవ్వు – ఇవి ఏళ్ల తరబడి ఆ పొరని గీకుతూనే వుంటాయి. గోడలో కొవ్వు గడ్డలు కడతాయి. ఒకనాడు ఏ తెల్లవారుజామునో ఆ గడ్డ పైభాగం చిట్లుతుంది. అటుగా పోయే ప్లేట్‌లెట్లకి అది గుండె అని తెలియదు. ఆటోనగర్‌లో తెగిన వేలూ, ఇదీ వాటికి ఒక్కటే. గాయం కనబడింది, పరుగెత్తుకొచ్చాయి. సంచులు గుమ్మరించాయి, థ్రాంబాక్సేన్ వండాయి. నాళం ముడుచుకొంది, గడ్డ అడ్డుపడింది. వేలికైతే దారి మూయడం మేలు. గుండెకి దారి మూస్తే?

అంచేత పిన్నిగారితో ఇలా చెప్పాను: "నెత్తురు రెండుసార్లూ ఒక్క పనే చేసింది పిన్నిగారూ. దాని తప్పేమీ లేదు. ముప్పై ఏళ్లు కాల్చిన సిగరెట్లూ, పట్టించుకోని చక్కెరా లోపల గాయం చేశాయి. అది మాత్రం తన ధర్మం తాను చేసింది."

ఇక ఆస్పిరిన్ సంగతి. 1940 దశకంలో కాలిఫోర్నియాలో లారెన్స్ క్రేవన్ అనే ఒక మామూలు డాక్టరు గొంతులో టాన్సిల్సు తీసేవాడు. నొప్పికని ఆస్పిరిన్ కలిపిన చూయింగ్ గమ్ము ఎక్కువగా నమిలిన వారికి రక్తం ఆగకపోవడం గమనించాడు. మరి ఇది గుండెలో గడ్డని ఆపదా అనుకొని తన దగ్గరికొచ్చే మగవాళ్లకి రోజూ ఆస్పిరిన్ ఇవ్వడం మొదలుపెట్టాడు. 1950 నుంచి ఆ సంగతి రాస్తూ వచ్చాడు. చిన్న పత్రికల్లో పడింది, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1957లో ఆయన గుండెపోటుతోనే పోయాడు. 1988లో గుండెపోటు వచ్చిన 17,187 మంది మీద జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాకనే లోకం నమ్మింది. గుండెపోటు మొదలవగానే ఇచ్చి, నెలరోజులు రోజుకి అరమాత్ర పాటి ఆస్పిరిన్ వాడితే ఐదు వారాల్లో మరణాలు సుమారు నాలుగో వంతు తగ్గాయి.

అంత చిన్న మాత్ర అంత పని ఎలా చేస్తుంది? ప్లేట్‌లెట్లకి కేంద్రకం లేదు. ఆస్పిరిన్ ఒకసారి వాటి థ్రాంబాక్సేన్ తయారీని చెడగొడితే, అవి బతికినంతకాలం మళ్లీ బాగుచేసుకోలేవు. నాళం గోడలోని కణాలు మటుకు తమ ప్రోస్టాసైక్లిన్ తయారీని తిరిగి నిలబెట్టుకోగలవు. తక్కెడ మనవైపు మొగ్గుతుంది. అందుకే గుండెజబ్బు వాళ్లకి 75 మిల్లీగ్రాముల బుల్లి మాత్ర చాలు.

అలాగని రేపటినుంచి ఇంట్లో అందరికీ కాఫీతోపాటు ఆస్పిరిన్ పెట్టేయకండి సుమా! గాయం దగ్గర ముడుచుకోవాల్సిన నాళాన్ని కూడా అది ముడుచుకోనివ్వదు. కడుపులో, మెదడులో నెత్తురు కారే ప్రమాదం వుంది. 2018లో ఆస్ట్రేలియా, అమెరికాలలో పందొమ్మిది వేల మందికి పైగా ఆరోగ్యంగా వున్న వృద్ధుల మీద జరిగిన పరిశోధనలో, రోజూ ఆస్పిరిన్ వల్ల గుండెకి చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు, రక్తస్రావాలు మటుకు పెరిగాయి. జబ్బు వున్నవాళ్లకి డాక్టరు రాసి ఇస్తే మానకూడదు. లేనివాళ్లు తమంతట తాము మొదలుపెట్టకూడదు. డెంగ్యూ అనుమానం వున్న జ్వరంలో ఇవ్వకూడదు. పిల్లలకి డాక్టరు చెప్పకుండా ఇవ్వనే కూడదు.

చివరగా మన చేతిలో వున్న సంగతులు. ఇంట్లో ఎవరికైనా గుండెల మీద బరువు, ఎడమచేతికో, దవడకో, వీపుకో పాకే నొప్పి, చల్లని చెమట, ఆయాసం వస్తే వాము నీళ్లు కాచడం మొదలుపెట్టకండి. 2005 నుంచి మన రాష్ట్రంలో 108 వాహనం వుంది. ఫోను చేయండి. నడిపించకండి, కూర్చోబెట్టండి. ఆస్పిరిన్ పడనివారా, కడుపులో పుండు వున్నవారా అన్నది వాళ్లకి చెప్పి, వాళ్లు నమిలించమంటే నమిలించండి. గ్యాసే అయితే ఆస్పత్రి వాళ్లు నవ్వి పంపిస్తారు, నష్టమేమీ లేదు. గడ్డ అయితే ప్రతి నిమిషం గుండె కండరం కొంచెం కొంచెం చచ్చిపోతూ వుంటుంది.

ఇంకో మాట. ఈ పని భర్తకీ మామగారికీ చేస్తాం. మన విషయం వచ్చేసరికి "అలసటలే, పని ఎక్కువైంది" అని సరిపెట్టుకొంటాం. ఆడవాళ్లకి గుండెపోటు ఒక్కోసారి పెద్ద నొప్పి లేకుండా, ఆయాసంగా, వికారంగా, చెప్పలేనంత నీరసంగా కూడా వస్తుంది. మనకీ అదే పొర, అవే ప్లేట్‌లెట్లు.

పిన్నిగారు అంతా విని కాసేపు వూరుకొన్నారు. "అయితే ఆ వాము నీళ్లు కాచిన నాలుగు గంటలూ నా తప్పే కదమ్మా" అన్నారు. కాదని చెప్పాను. తెలియనిదానికి తప్పేముంది? వందేళ్లు వెతికితే గాని శాస్త్రజ్ఞులకే తెలియలేదు. కాని ఇప్పుడు మనకి తెలిసింది. ఇకముందు తెలియదనడానికి వీల్లేదు.

ఆవిడ ఇప్పుడు ఏం చేస్తున్నారో తెలుసా? నెలకోసారి ఆటోనగర్‌లో కొడుకు షాపుకి వెళ్లి, అక్కడ పనిచేసే కుర్రాళ్ల జేబుల్లోంచి సిగరెట్ పెట్టెలు లాక్కొని వస్తున్నారు. వాళ్లు నవ్వుతూనే ఇచ్చేస్తున్నారట. ఇద్దరు నిజంగానే మానేశారట.